బాతులకు విషం సోకినప్పుడు

మన పల్లెల్లో కోడి చస్తే తెగులంటాం. గేదె చస్తే దిష్టి తగిలిందంటాం. బాతు చస్తే మాత్రం "ఎవరో మందు పెట్టారు" అంటాం. ఎందుకంటే బాతు మన పెరట్లో వుండే ప్రాణి కాదు. పొద్దున్నే గూటి తలుపు తీయగానే బోదె దాటి, గట్టెక్కి, పరాయి చేలో దిగుతుంది. దాని మేతా అక్కడే, అది తెచ్చిపెట్టే తగువులూ అక్కడే. అందుచేత బాతు పడిపోగానే మన చూపు బాతు మీద కాక పొరుగువాడి మీద పడుతుంది.

మిత్రులారా, ఆ మాట నోట రాకముందు బాతును ఏ విధంగా పరీక్షగా చూడాలో, చూశాక మొదటి గంటలో ఏమి చేయాలో, డాక్టరుగారి చేతికి ఏమి అందించాలో చెప్పడమే ఈ వ్యాసం వుద్దేశ్యం. ఇందులోని శాస్త్రమంతా మన తరగతుల్లో చెప్పేదే. కాని తరగతికి రాకముందే నాకీ పాఠం మా యింట్లో జరిగింది. ముందు అది చెప్పాలి.

మా యింటి సంగతి

మాది కొల్లేటికి దగ్గరలో ఒక పల్లె. మా నాయనమ్మకు పదకొండు బాతులుండేవి. నేను ఇంటర్ రెండో ఏడు పరీక్షలు రాసి యింటికి వెళ్ళిన వేసవి అది. దాళ్వా కోతలయిపోయి చేలన్నీ బీడుపడి వున్నాయి. పెరటి వెనక గుంటలో నీరు మోకాలి లోతుకు దిగి, నాచు కుళ్ళి, చిన్నచేపలు తేలుతున్నాయి.

ఒకనాటి వుదయం చూస్తే బాతులు గుంటగట్టున కూలబడి వున్నాయి. అదిలిస్తే లేవలేవు. రెక్కల్ని తెడ్లలాగా నేలకు కొట్టుకుంటూ పాకుతున్నాయి. రెండింటికి మెడ నిలవక ముక్కు నేలకానింది. ముందురోజు సాయంత్రమే పక్కనున్న మా బాబాయి (మా నాన్నగారి పినతండ్రి కొడుకు) తన బెండతోటకు పురుగుమందు కొట్టాడు. మా బాతులు తోటలో పడ్డాయని అంతకు వారం ముందు మాటామాటా అయింది కూడాను. ఇంకేం కావాలి? నాయనమ్మ గట్టుమీద నిలబడి, "నా బాతుల వుసురు పోసుకున్నావు గదరా!" అని వూరంతా వినేటట్లు అరిచింది.

"ఒట్టు దొడ్డమ్మా, నేను కొట్టింది బెండకి. నీ బాతుల జోలికి నేనెందుకొస్తాను?" అన్నాడాయన. ఎవరూ వినలేదు. నేనూ వినలేదు.

సైన్సు చదివినవాణ్ణి గనుక వైద్యం నా చేతిలోకి తీసుకున్నాను. విషానికి విరుగుడని చింతపండు పులుసు కలిపి, బాతు ముక్కు తెరచి, గ్లాసుతో పోశాను. మొదటిది నా చేతుల్లోనే గిలగిలా కొట్టుకుని ప్రాణం వదిలింది. రెండోదీ అంతే. సాయంత్రానికి ఏడు పోయాయి. నా చేతికి చిక్కకుండా అరుగు నీడన పడివున్న నాలుగు మాత్రం, నాయనమ్మ మూకుడులో పెట్టిన నీళ్ళు తాగుతూ మూడో రోజుకు లేచాయి. అవి ఎందుకు బతికాయో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ రోజునుంచీ మా రెండిళ్ళకూ మాటలు లేవు. మరుసటేడు బాబాయి కూతురి పెళ్ళికి మేము వెళ్ళలేదు.

ఇక పాఠంలోకి వద్దాం.

తూము, మురుగుకాలువ

నరం చివరనుంచి కండరానికి కబురు మోసే పదార్థం పేరు అసిటైల్‌కోలీన్. డెల్టావాళ్ళకు దీన్ని సులువుగా చెప్పవచ్చు. అసిటైల్‌కోలీన్ అంటే చేలోకి వచ్చే నీరనుకోండి. నరం చివర తూము వంటిది. పని అయిపోయిన నీటిని తీసివేసే మురుగుకాలువ కోలినెస్టరేజ్ అనే ఎంజైము.

చేలకు వాడే పురుగుమందుల్లో మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు, కార్బోఫ్యురాన్ వంటి కార్బమేట్లు ఈ మురుగుకాలువను మూసివేస్తాయి. నీరు పోయే దారిలేక చేను మునిగిపోతుంది. అనగా కబురు ఆగకుండా కండరాన్ని కొడుతూనే వుంటుంది. కాబట్టి ఈ విషం సోకిన బాతుకు నోటివెంట చొంగ, కంటివెంట నీరు, పలచని విరేచనం, ఒళ్ళంతా వణుకు, కండరాల అదురు, ఆయాసం, చివరకు మూర్ఛలు కనిపిస్తాయి. మందు తిన్న నిమిషాల్లో గాని, కొద్ది గంటల్లో గాని ఇవి మొదలవుతాయి. గుళికల మందు మరీ ప్రమాదం. బాతు వాటిని గింజలనో, ఇసుకరేణువులనో భ్రమించి ఏరుకు తింటుంది. గుళికల మందుల్లో పేరుమోసిన ఫోరేట్ 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషిద్ధం. అయినా అటకమీద మిగిలిపోయిన పాత పొట్లాలు నిషేధం సంగతి ఎరుగవు.

మనుషుల్లో ఈ విషానికి కంటిపాప గుండుసూది మొనంతగా కుంచించుకుపోవడం పెద్ద గుర్తు. పక్షుల్లో దీన్ని నమ్ముకోరాదు. పక్షి కంటిపాపను నడిపే కండరం మన కంటిలో వున్న జాతిది కాదు.

ఇక బొట్యులిజం. దీన్ని "మెడవాలు" అనవచ్చు. ఇది చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. ఇది తూమునే మూసివేస్తుంది. నీరు రాదు, చేను ఎండుతుంది. నరంనుంచి కబురే వెలువడదు గనుక కండరం వాలిపోతుంది. మొదట కాళ్ళు పడిపోతాయి. పిదప రెక్కలు. తరువాత కంటి మూడోరెప్ప కదలదు. ఆఖరున మెడ వాలుతుంది. ఈ బాతుకు వణుకు లేదు, మూర్ఛ లేదు. తెలివి వుంటుంది, మనల్ని చూస్తూనే వుంటుంది, లేవలేదు. నీళ్ళలో వుండగా మెడ వాలితే మునిగి చస్తుంది. విషం లోపలికి వెళ్ళాక కొన్ని గంటలకు గాని, ఒకటి రెండు రోజులకు గాని లక్షణాలు బయటపడతాయి. చచ్చినదాన్ని కోసి చూస్తే లోపల చెప్పుకోదగిన మార్పేమీ కనిపించదు.

ఈ విషాన్ని చేసేది క్లాస్ట్రిడియం బొట్యులినమ్ అనే సూక్ష్మజీవి. బాతుల్లో ఎక్కువగా కనిపించేది సి రకం. దీని బీజాలు బురదలో నిద్రపోతూ వుంటాయి. వేసవి వేడి, నిలవనీరు, గాలి చొరని కుళ్ళు, చచ్చిన చేపో పక్షో దొరికితే లేచి విషం తయారుచేస్తాయి. ఆ శవంమీద లుకలుకలాడే తెల్లపురుగులకు ఆ విషం ఏమీ చేయదు. వాటి ఒంట్లో మాత్రం పేరుకుంటుంది. బాతుకు ఆ పురుగులంటే మహాప్రీతి. అటువంటివి రెండు నుంచి నాలుగు తిన్నా చాలు, బాతు పడిపోవచ్చు. ఆ బాతు చస్తే దానిమీద మళ్ళీ ఈగలు, మళ్ళీ పురుగులు, మళ్ళీ బాతులు. చక్రం తిరుగుతూనే వుంటుంది.

ఒక్క వాక్యంలో గుర్తుపెట్టుకోండి: తడిసి వణికేది పురుగుమందు, పొడిగా వాలేది మెడవాలు. తుది నిర్ణయం పరీక్షలదే అయినా, గట్టుమీద నిలబడి వున్నప్పుడు ఈ వాక్యం చాలా వుపయోగపడుతుంది.

మరి మూడు విషాలు

సీసం: విసురువల అంచున సీసపు గుళ్ళుంటాయి. వల బాగుచేసేచోట అవి రాలుతాయి. తిన్నది నూరుకోవడానికి రాళ్ళు మింగే అలవాటున్న బాతు వాటినీ మింగుతుంది. పాత బ్యాటరీల రేకుముక్కలూ ఇంతే. గుండు కందనకాయలో చేరి అరుగుతూ రోజుల తరబడి విషం వదులుతుంది. బాతు చిక్కిపోతుంది, రెక్కలు వేలాడవేస్తుంది, పచ్చని విరేచనం అవుతుంది. ఎక్స్‌రేలో గుండు తెల్లగా కనిపిస్తుంది. అడవిబాతులు ఇలా చనిపోతున్నాయనే అమెరికాలో నీటిపక్షుల వేటకు సీసపు రవ్వలను 1991లో నిషేధించారు.

బూజు విషం: 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు కారణం తెలియకుండా చనిపోయాయి. బాతుపిల్లలూ చనిపోయాయి. చివరకు దోషం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో వున్న బూజుదని తేలింది. అలా బయటపడిందే అఫ్లటాక్సిన్. బాతుపిల్లలు దీనికి ఎంత సున్నితమంటే, మేతలో ఈ విషం వున్నదీ లేనిదీ తేల్చడానికి రోజు వయసు బాతుపిల్లల్నే వాడేవారు. వేరుశనగ చెక్క, తవుడు, నూకలు చెమ్మ తగిలితే మన యిళ్ళలోనూ ఇదే జరుగుతుంది. పిల్లలు మేత మానివేస్తాయి, ఎదగవు, కుంటుతాయి, తల వెనక్కు విరుచుకుని చస్తాయి. కార్జం పాలిపోయి వుంటుంది.

ఎలుకల మందు: జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువవుతుంది. మరణం త్వరగా వస్తుంది. చచ్చినదాన్ని కోస్తే వెల్లుల్లివంటి వాసన. ఆ వాయువు కోసినవాడికీ ప్రమాదమే. బ్రోమడయోలోన్ వేరు జాతి. అది నెత్తురు గడ్డకట్టనీయదు. కొన్ని రోజుల తరువాత ముక్కునుంచి, విరేచనంలో రక్తం కనిపించవచ్చు.

విషం కానివి

బాతు ప్లేగు, కలరా తెగులు రాత్రికి రాత్రి బాతుల్ని పడగొట్టి విషాన్ని తలపిస్తాయి. బర్డ్ ఫ్లూ సంగతి మరీ ముఖ్యం. 2014లో కేరళ కుట్టనాడు బాతుల్లో, 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో అది నిర్ధారణ అయింది. బాతులతోపాటు కోళ్ళు, కాకులు కూడా చస్తున్నా, జ్వరం, దగ్గు లక్షణాలు కనబడినా, చచ్చినవాటిని కోయవద్దు, చేత్తో ముట్టవద్దు. వెంటనే పశుసంవర్ధక శాఖకు తెలపండి. బాతుపిల్లలకు కోడిపిల్లల దాణా ఒక్కటే పెడితే నయాసిన్ చాలక కాళ్ళు వంకరపోతాయి. అదీ విషం కాదు, విటమిను లోపం.

తొలి గంట

1. బతికివున్న బాతులన్నిటినీ, బాగున్నవాటితో సహా, ఆ నీటినుంచి, ఆ మేతనుంచి తప్పించి నీడకు తేవాలి. చేతులకు తొడుగులు, లేదా కనీసం ప్లాస్టిక్ సంచులు తొడుక్కోవాలి.

2. మెడ వాలిన బాతును గడ్డిమీద పొట్టమీదుగా కూర్చోబెట్టి, గడ్డం కింద చుట్టకుదురు పెట్టాలి. కడవకు పనికివచ్చేది బాతు మెడకూ పనికివస్తుంది. పక్కకు పడుకోబెట్టరాదు.

3. నోట్లో ఏదీ పోయరాదు. మజ్జిగ, ఆముదం, చింతపండు పులుసు, ఉప్పునీళ్ళు, ఏదైనా సరే. బాతు నాలుక మొదట్లోనే గాలిగొట్టం రంధ్రం వున్నది. మింగే శక్తి లేని పక్షికి పోసిన ద్రవం నేరుగా వూపిరితిత్తుల్లోకి పోతుంది. మా యింట్లో మొదటి రెండు బాతుల్ని చంపింది ఏ విషమూ కాదు. నా గ్లాసు. నూనె మరీ చెరుపు, కొన్ని విషాలు నూనెతో కలిసి యింకా త్వరగా ఒంటికి పడతాయి. వాంతి చేయించే ప్రయత్నం అసలే వద్దు.

4. తల నిలిపి తనంతట తాగగలిగిన బాతుకు మంచినీరు వెడల్పాటి మూకుడులో పెట్టాలి. లోతు తక్కువ వుండాలి.

5. ఈకలకు మందు అంటి వుంటే గోరువెచ్చని సబ్బునీటితో కడిగి తుడవాలి. కడిగిన బాతు ఈకల్లో నూనె పోతుంది గనుక కొన్నాళ్ళు ఈతకు వదలరాదు. మూర్ఛలో వున్నదాన్ని కడగరాదు.

6. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోను చేయాలి. ఏమి చూశారో వరసగా చెప్పండి. ఎవరిని అనుమానిస్తున్నారో చెప్పనక్కరలేదు.

చికిత్స

ఇది డాక్టరుగారి పని. అయినా మనం రేపు ఆ డాక్టర్లమే గనుక వివరం చెబుతాను.

పురుగుమందుకు విరుగుడు అట్రోపిన్. కిలో బరువుకు 0.2 నుంచి 0.5 మి.గ్రా. కండరానికి యిచ్చి, చొంగ, ఆయాసం తగ్గేదాన్నిబట్టి మూడు నాలుగు గంటలకొకసారి తిరిగి యివ్వాలి. ఒకటిన్నర కిలోల బాతుకు తక్కువ మోతాదున 0.3 మి.గ్రా. అవుతుంది. మి.లీ.కు 0.6 మి.గ్రా. వుండే ఆంపూలులో అది సరిగ్గా అర మి.లీ. ఆర్గానోఫాస్ఫేటు అని రూఢి అయితే, మొదటి రోజుల్లోనే ప్రాలిడాక్సిమ్ కూడా యివ్వవచ్చు. కార్బమేటు అయితే అది పనికిరాదు. మందు డబ్బా చేతికి దొరకడం ఎంత అవసరమో ఇక్కడ తెలుస్తుంది. విషం ఇంకా కడుపులో వుందనుకుంటే కిలోకు 1 నుంచి 3 గ్రాముల యాక్టివేటెడ్ చార్‌కోల్‌ను నీటిలో కలిపి గొట్టం ద్వారా పంపాలి. పొయ్యిలో బొగ్గు దానికి బదులు కాదు.

మెడవాలుకు అట్రోపిన్ పనిచేయదు. మూసిన తూమును అది తెరవలేదు. దీనికి విరుగుడు సీరం వున్నది గాని, పల్లెలో దొరుకుతుందని ఆశించలేం. యాంటీబయోటిక్కులు విషాన్ని విరచలేవు. అసలు వైద్యమంతా నీడ, మంచినీరు, మెడకు ఆసరా, గొట్టంతో ద్రవాహారం, రెప్ప కదలని కంటికి సెలైన్ చుక్కలు. తేలికగా సోకిన బాతులు ఈ మాత్రం సేవతోనే కొద్ది రోజుల్లో లేస్తాయి. మా అరుగు కింద నాలుగూ లేచింది ఇందుకే.

సీసానికి కాల్షియం ఇ.డి.టి.ఎ. కిలోకు సుమారు 35 మి.గ్రా. రోజుకు రెండుసార్లు కండరానికి యిస్తారు. కందనకాయలోని గుండును కడిగి తీయకపోతే ఆ మందు వృథా. బ్రోమడయోలోన్‌కు విటమిన్ కె1. అఫ్లటాక్సిన్‌కూ, జింక్ ఫాస్ఫైడ్‌కూ విరుగుడు లేదు. బూజుపట్టిన మేత పారవేసి మంచి మాంసకృత్తులు, విటమిన్లు యిస్తూ కార్జాన్ని కోలుకోనివ్వడమే మార్గం.

ఇంకొక మాట. విషం సోకిన బాతు మాంసం తినరాదు. బతికిన బాతు గుడ్లు ఎంతకాలం మానాలో డాక్టరుగారినే అడగాలి. "పోయేదాన్ని కోసుకుందాం" అనే పొదుపు ప్రాణాంతకం.

సాక్ష్యం

విషమని అనుమానం వున్నప్పుడు మాట సాక్ష్యం కాదు, నమూనా సాక్ష్యం. చచ్చిన బాతును వెంటనే సంచిలో చుట్టి మంచులో వుంచాలి. డాక్టరుగారు కోసి కందనకాయలోని మేత, కార్జం, మెదడు విడివిడిగా శుభ్రమైన సీసాల్లో తీస్తారు. రసాయన పరీక్షకు పంపేవాటిలో ఫార్మలిన్ పోయరాదు. మెదడులో కోలినెస్టరేజ్ తగ్గివుంటే పురుగుమందు అని తేలుతుంది. మెడవాలు అనుమానమైతే బతికివున్న బాతు రక్తం పంపాలి. బాతు తిన్న మేత, తాగిన నీరు కొంచెం కొంచెం చేర్చి, తేదీ, వేళ, చోటు రాసి జిల్లా వ్యాధినిర్ధారణ కేంద్రానికి పంపితే చాలు.

అంతకంటే ముందు గుంట చుట్టూ ఒకసారి నడవాలి. చచ్చినదేదైనా వుందేమో చూడాలి. మేమా రోజు ఆ నడక నడవలేదు. నడిచివుంటే ఈ వ్యాసం చివరిభాగం రాయవలసిన పని వుండేది కాదు.

ఋణశేషం

ఈ కళాశాలలో మూడో ఏడు చదువుతుండగా ఒక మధ్యాహ్నం తరగతిలో మాస్టారు బొట్యులిజం చెబుతున్నారు. "వేసవి, మురిగిన గుంట, అందులో చచ్చిన పక్షి, దానిమీద పురుగులు" అని వరసగా చెప్పుకుపోతున్నారు. నా చేతిలో కలం ఆగిపోయింది.

బాతులు పడిపోవడానికి నాలుగురోజుల ముందు మా యింట్లో ఒక కోడి చచ్చింది. "పాతిపెట్టిరారా" అని నాయనమ్మ నాకు చెప్పింది. ఎండలో గొయ్యి తీయడానికి బద్ధకించి, దాన్ని తీసుకెళ్ళి గుంటలో ఓ మూలకు విసిరాను. పాతిపెట్టానని చెప్పాను. ఆనాటి బాతులకు చొంగ లేదు, వణుకు లేదు. కాళ్ళు, రెక్కలు, మెడ, అదే వరసలో వాలాయి. పరీక్ష చేయించలేదు గనుక ప్రయోగశాల కాగితం నా దగ్గర లేదు. కాని నాకు సందేహం లేదు.

ఆ సంక్రాంతికి యింటికి వెళ్ళినప్పుడు బాబాయి గడప తొక్కాను. చెప్పవలసిందంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరున, "గొయ్యి తీయడానికి పలుగు లేకపోతే మా యింట్లో అడగొచ్చు గదరా," అన్నాడు. పిన్ని అరిసెలు తెచ్చిపెట్టింది.

నాయనమ్మ మాత్రం అంతకు ముందు ఏడాదే పోయింది. ఆయనే మందు పెట్టాడన్న కోపంతోనే పోయింది. దాన్ని దిద్దే మందు నా దగ్గర లేదు.

కాబట్టి మిత్రులారా, రేపు మీరు డాక్టర్లయి ఏదో పల్లెకు వెళతారు. ఎవరో ఒకరు చచ్చిన బాతును మీ బల్లమీద పెట్టి, "ఫలానావాడే మందు పెట్టాడండీ, రాసివ్వండి" అంటారు. అప్పుడు ముందు బాతును చూడండి. పిదప గుంటను చూడండి. తడిసి వణికిందా, పొడిగా వాలిందా అడగండి. నమూనా పంపి, జవాబు వచ్చాకే కాగితంమీద కలం పెట్టండి. ఆ కాగితంమీద మీరు రాసేది ఒక్క బాతు సంగతే కాదు, రెండిళ్ళ సంగతి కూడా.

చచ్చిన పక్షిని లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పాతిపెట్టండి. ఎండగా వున్నా సరే.